బెల్టు కొనేముందు పుల్లీని అడగండి



పసుపు కాలంలో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. మన జిల్లాలో ఫిబ్రవరి, మార్చి నెలలు ఎట్లా ఉంటాయో మీకు నేను చెప్పనక్కర లేదు. తవ్విన పసుపు ఉడకాలి, కల్లంలో ఎండాలి. ఎండిన కొమ్ము డ్రమ్ములో పడి తిరిగి తిరిగి పైపొట్టు రాలి మెరుగెక్కాలి. అప్పుడే అది మార్కెట్ యార్డుకు పోయే సరుకు. ఆ డ్రమ్ము ఒక్కపూట ఆగినా కూలి మీదపడుతుంది, వెనక వరుసలో ఉన్న రైతు పసుపూ ఆగుతుంది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం ఆర్మూర్ దిక్కు నుంచి ఒక రైతు డిచ్‌పల్లిలో హైవే పక్కన ఉన్న నా లేత్ షెడ్డుకు వచ్చాడు. చేతిలో రెండు బెల్టులు. ఒకటి పాతది, పగుళ్ళు బారి నంబరు చెరిగిపోయింది. ఇంకొకటి ఆ పొద్దునే కొన్నది.

"అన్నా, పాతదాని లెక్కనే గావాలని అడిగిన. దుకాణపాయన టేపు పెట్టి కొలిచి గిదిచ్చిండు. ఎక్కిచ్చినం. ఒట్టి డ్రమ్మయితే తిరుగుతది, పసుపు ఏస్తే నిలబడ్తది. మోటరు ఉరుకుతనే ఉంటది."

పాత బెల్టును తిప్పి అడుగు భాగం చూశాను. గాజు లెక్క మెరుస్తోంది.

"పుల్లీ కొలిచినవా తమ్మీ?"

"పుల్లీకేమైందన్నా, ఇనుపది. అది మంచిగనే ఉన్నది."

అతని బండి మీదనే కల్లానికి పోయాను. ముందు మోటరు ఆపించి, ఫీజు పీకి నా జేబులో వేసుకున్నాను. ఇది పిరికితనం అనుకోవద్దు. బెల్టు మీద చెయ్యి పెట్టే మనిషి జేబులోనే ఫీజు ఉండాలి. ఎవరో తెలియక స్విచ్చి నొక్కి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను చూసిన కండ్లు నావి. మెడలో తువ్వాల తీసి పక్కన పెట్టి, వెర్నియర్‌తో పుల్లీ గాడి నోరు కొలిచాను. 17 మిల్లీమీటర్లు. అంటే అది బి సైజు గాడి. అతను తెచ్చిన రెండు బెల్టులూ 13 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే ఎ సైజు. అంతకు ముందు ఏడాది ఎప్పుడో బెల్టు తెగితే, ఆ రాత్రి చేతికి దొరికిన ఎ బెల్టును ఎవరో ఎక్కించారు. ఎట్లాగో ఆ కాలం గడిచింది. మరుసటి ఏడాది ఆ తప్పు బెల్టునే నమూనాగా దుకాణానికి పట్టుకుపోయారు. దుకాణదారుడి తప్పేమీ లేదు. ఆయన ముందు పెట్టిన వస్తువును నిజాయితీగా కొలిచి ఇచ్చాడు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్న మాట ఇదే. మిషన్లో పాడైన పుర్జా తన గురించి నిజం చెప్పకపోవచ్చు. అది అరిగి ఉంటుంది, సాగి ఉంటుంది, లేకపోతే అదే ఒక తప్పు పుర్జా అయి ఉంటుంది. నిజం చెప్పేది అది కూర్చున్న చోటు. బెల్టుకు పుల్లీ, బేరింగుకు షాఫ్టు, గేరుకు దాని జత గేరు. వాటిని అడగకుండా నిజామాబాద్ పోయినా, సికింద్రాబాద్ పోయినా ఛార్జీలు దండగ.

ఆ బెల్టు ఎందుకు జారిందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వీ-బెల్టు అడుగుతో లాగదు, రెండు పక్కలతో లాగుతుంది. గొడ్డలి కామలో కొట్టిన చీల చూడండి, బరువు పడ్డకొద్దీ బిగుస్తుంది. బెల్టు కూడా గాడిలో అట్లాగే చీలలా బిగుసుకోవాలి. దాని వీపు పుల్లీ అంచుతో సమానంగా ఉండాలి, అడుగున కొంచెం ఖాళీ ఉండాలి. ఎ బెల్టును బి గాడిలో వేస్తే సుమారు 6 మిల్లీమీటర్లు లోపలికి దిగిపోతుంది. దాని మందం 8 మిల్లీమీటర్లు, గాడి లోతు సుమారు 14. అంటే సరిగ్గా అడుగుకు పోయి ఆనుకుంటుంది. ఆనిన తర్వాత పక్కల పట్టు పోతుంది. జారుతుంది, వేడెక్కుతుంది, అడుగు గాజులా మెరుస్తుంది. మీ ఇంట్లో పిండి గిర్ని కానీ, మోటరుతో నడిచే ఇంకేదైనా కానీ ఉంటే ఈ సాయంత్రమే మిషను ఆపి చూడండి. బెల్టు పుల్లీ అంచు కిందికి దిగి ఉంటే, ఒకటి బెల్టు తప్పు, లేదా గాడి అరిగింది. గాడి పక్కలు లోపలికి గుంట పడినట్టు అరిగితే ఎంత మంచి బెల్టు వేసినా ఎక్కువ నెలలు ఆగదు. అప్పుడు మార్చవలసింది పుల్లీని.

సైజులు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. ఎ బెల్టు వెడల్పు 13 మిల్లీమీటర్లు, మందం 8. బి బెల్టు 17, 11. సి బెల్టు 22, 14. పెద్ద మిల్లుల్లో కనిపించే డి బెల్టు 32, 19. అక్షరం పక్కన ఉండే నంబరు బెల్టు లోపలి చుట్టుకొలత, అంగుళాల్లో. బి-68 అంటే బి సైజు, లోపలి చుట్టు 68 అంగుళాలు. ఇంతే లెక్క. అయినా ఎన్నో ఏళ్ళుగా మిషన్లు నడిపే వాళ్ళు కూడా ఆ నంబరును లాటరీ టికెట్ నంబరులాగా చూడటం నాకు బాధగా ఉంటుంది. అది చదవరాని లిపి కాదు, కొలత.

మరి నంబరు చెరిగిపోతే? సాగిన పాత బెల్టును కొలవకండి. ఒక సుత్లి దారం తీసుకోండి. మోటరును దాని బోల్టుల గాడిలో కొంచెం దగ్గరకు జరపండి, కొత్త బెల్టు ఎక్కించడానికి ముందుకు, తర్వాత బిగించడానికి వెనక్కు జాగా మిగలాలి. దారాన్ని రెండు పుల్లీల అంచుల మీదుగా, గాడిలో పడకుండా, బెల్టు వీపు నడిచే దారిలో చుట్టండి. వదులు లేకుండా పట్టి గుర్తు పెట్టి టేపుతో కొలవండి. అది బెల్టు బయటి చుట్టు. ఎ బెల్టయితే అందులోంచి 2 అంగుళాలు తీసేయండి, బి అయితే రెండూ ముప్పావు, సి అయితే మూడున్నర. మిగిలేదే నంబరు. ఎందుకు తీసేయాలంటే, మందమున్న వస్తువు ఏదైనా చుట్టు తిరిగి వచ్చేసరికి లోపలి దారి చిన్నది, బయటి దారి పెద్దది. ఎద్దుల బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ నడిచి, బయటి చక్రం ఎక్కువ నడవదా, అట్లాగే.

ఆ పసుపు డ్రమ్ము దగ్గర దారం 70 ముప్పావు అంగుళాలు వచ్చింది. రెండూ ముప్పావు తీస్తే 68. బి-68. ఇంకో సంగతి కూడా కనిపించింది. పుల్లీకి రెండు గాడులున్నాయి, ఒకటి ఖాళీగా దుమ్ము పట్టి ఉంది. రెండు బెల్టుల పనిని ఒక్కటే మోస్తోంది. అందుకే రెండు చెప్పాను. రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, కొత్తవి. జతలో ఒకటి తెగితే ఒకటే మార్చే అలవాటు మన దగ్గర చాలా ఉంది. పాతది సాగి ఉంటుంది, కొత్తది బిగువుగా ఉంటుంది, బరువంతా కొత్తదాని మీద పడుతుంది. కొత్త ఎద్దును అలసిన ఎద్దుతో కాడి కట్టినట్టు. కొన్ని బెల్టుల మీద సైజు తర్వాత 49, 50, 51 లాంటి చిన్న నంబరు ఇంకోటి ఉంటుంది. అసలు కొలతకు అది ఎంత పొట్టో, ఎంత పొడుగో చెప్పే గుర్తు అది, 50 అంటే సరిగ్గా ఉన్నదని. జతగా వేసేవాటికి ఆ నంబరు కూడా ఒక్కటే ఉండేట్టు చూసుకోండి.

ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవరుతో మీటి ఎక్కించకండి. బెల్టుకు బలం లోపలి దారాల్లో ఉంది. మీటినప్పుడు అంచు దారాలు తెగుతాయి, పైకి కనిపించదు. నెల తర్వాత బెల్టు పల్టీ కొడితే కంపెనీని తిడతాం. మోటరు వదులు చేసి, చేత్తో ఎక్కించి, తర్వాత బిగించాలి. బిగువు ఎంత అంటే, రెండు పుల్లీల నడుమ మీటరు దూరం ఉంటే నడిమధ్య వేలితో నొక్కితే 16 మిల్లీమీటర్లు దిగాలి. అర మీటరుంటే 8. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. ఒకరోజు నడిచాక మళ్ళీ ఒకసారి చూసి బిగించాలి, కొత్త బెల్టు మొదటి రోజు గాడిలో సర్దుకుంటుంది.

ఈ అక్షరాల సైజుల వెనక ఒక పెద్ద ఉపకారం ఉంది. 1917లో అమెరికాలోని డెన్వర్ నగరంలో జాన్ గేట్స్ అనే ఆయన రబ్బరు, నూలుతో వీ-బెల్టు చేశాడు. తర్వాత దేశదేశాలు కలిసి ఒకే కొలతలు ఒప్పుకున్నాయి. మన దేశ ప్రమాణాల్లో కూడా అవే కొలతలు. అందుకే మదురైలో తయారైన ఫెన్నర్ బెల్టైనా, ఇంకే కంపెనీ బెల్టైనా, బి-68 అంటే బి-68. మిషను చేసిన కంపెనీ మూతపడినా బెల్టు దొరుకుతుంది. ఊరు పేరు తెలియని మిషన్లు మన దగ్గర ఇంకా నడుస్తున్నాయంటే ఈ ఒప్పందం పుణ్యమే.

అంతకు ముందు ఏముండేది? చదునైన పట్టా ఉండేది. నా వయసు వాళ్ళకు గిర్ని పట్టా అంటే చాలు, చెవిలో చప్పుడు మోగుతుంది. ఆయిలు ఇంజను ఒక మూల, వడ్లు దంచే హల్లరు ఇంకో మూల, నడుమ పొడవాటి పట్టా. దాని అతుకు పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా టప్, టప్. ఆ టప్ వినిపిస్తే ఇయ్యాల గిర్ని నడుస్తుందని అమ్మలు వడ్ల గంప నెత్తికెత్తుకునేవాళ్ళు. ఆ హల్లరు పుట్టింది బ్రెజిల్‌లో. ఎంగెల్‌బర్గ్ అనే ఆయన 1885లో దాన్ని కనిపెట్టాడు. అక్కడి నుంచి వచ్చి మన ఊళ్ళలో రోకలికి సెలవిచ్చింది.

పట్టాకు నంబరు లేదు. వెడల్పు చెప్పి, గజాల్లో కొలిచి కోయించుకొని, తోలు వార్లతోనో ఇనుప క్లిప్పులతోనో అతకాలి. అతకడం ఒక విద్య. కోత మూలమట్టంతో గీసినట్టు అడ్డంగా తిన్నగా ఉండాలి, ఏమాత్రం వాలినా పట్టా ఒక పక్కకు నడుస్తుంది. ఇంజను తిరిగే దిక్కుకు ఎదురు దిక్కులో మిషను తిరగాలంటే పట్టాను ఎనిమిది అంకెలా మడతేసి ఎక్కించేవాళ్ళు. జారితే రోజిన్ పొడి చల్లేవాళ్ళు. అది ఆ పూటకు పట్టు ఇస్తుంది, తర్వాత గట్టిపడి పొరలు కట్టి ఇంకా జారుతుంది. జారే పట్టాకు మందు పొడి కాదు, తుడవడం, అతుకు విప్పి పొట్టి చేయడం.

కొన్నేళ్ళ కింద సిరికొండ దిక్కు ఒక గిర్ని ఆసామి ఒకే ఏడాదిలో మూడు పట్టాలు మార్చాడు. ఎంత తిన్నగా అతికినా పక్కకు జరిగి పడిపోతోంది. పోయి పుల్లీ మీద ఇనుప స్కేలు ఆనించి చూస్తే చదునుగా ఉంది. అసలు పుల్లీ పగిలితే ఎవరో లేత్ మీద కొత్తది తిప్పి ఇచ్చారు, అంచు నుంచి అంచుకు సాపుగా. పాత పుల్లీల ముఖం నడిమధ్య కంటికి ఆననంత ఉబ్బు ఉంటుంది. పట్టాకు ఒక గుణం ఉంది, అది ఎప్పుడూ ఎత్తు వైపుకు ఎక్కుతుంది. నడుమ ఎత్తుంటే నడుమ నిలుస్తుంది. అంత చిన్న ఉబ్బును లేత్ మీద తీర్చి ఇచ్చాను, అదే మూడో పట్టా ఇంకా నడుస్తోంది. ఆయన మూడుసార్లు పట్టా దుకాణానికి పోయాడు, జబ్బు పుల్లీలో ఉంది.

నాకు ఈ పని నేర్పిన ఉస్తాద్ బోధన్ మనిషి. చక్కెర మిల్లులో టర్నరుగా చేసి వచ్చాడు. బోధన్ గురించి రెండు మాటలు చెప్పకుండా మన జిల్లాలో పుర్జాల గురించి మాట్లాడటం నావల్ల కాదు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది, కాలువ కింద చెరుకు వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, శక్కర్‌నగర్ వెలిసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకునేవాళ్ళం. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ చెప్పి గేటు మూశారు.

చెరుకు ఆగే పంట కాదు. కోసిన చెరుకును ఒకటి రెండు రోజుల్లో ఆడించకపోతే తీపి తగ్గుతుంది. మిల్లు ఆగితే గేటు ముందు బండ్లలో రైతు కష్టం ఎండిపోతుంది. అందుకే చక్కెర మిల్లుల్లో క్రషింగ్ సీజను నడిచేటప్పుడు పుర్జా వెతుక్కునే పద్ధతి ఉండదు. సీజను అయిపోయాక ఎండాకాలం, వానాకాలం అంతా మిల్లు విప్పి, రోలరు షాఫ్టులు, బేరింగులు, గేర్లు ఒక్కొక్కటీ కొలిచి, ఎంత అరిగిందో రాసి, మళ్ళీ సీజనుకు సిద్ధం చేస్తారు. మా ఉస్తాద్ ఆ అలవాటును తన జేబు పుస్తకంలో తెచ్చుకున్నాడు. అట్ట మీద నూనె మరకలు, లోపల ఉర్దూలో, తెలుగులో కలిపి రాతలు. ఏ ఊళ్ళో ఎవరి గిర్ని, ఏ ఇంజను, పుల్లీ సైజు, షాఫ్టు సైజు, ఏ సంవత్సరం ఎంత అరిగింది. రైతు వచ్చి ఏమైందో చెప్పబోతే ఆగమని చెయ్యి చూపి ముందు పుస్తకం తెరిచేవాడు. ఒక ఫ్యాక్టరీ మూతపడితే జీతాలు పోయిన లెక్క అందరూ రాశారు, రాయాల్సిందే. ఇట్లాంటి కొలిచే అలవాటు కూడా జిల్లాలోంచి పోయింది. అది ఏ లెక్కలోనూ లేదు. ఆ నష్టం నాకు ఇప్పటికీ కలుక్కుమంటుంది.

బేరింగుల సంగతి తొందరగా చెప్తాను, ఎందుకంటే అది సులువు. బేరింగు మీద 6204, 6205 అని ఉంటుంది. చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం వస్తుంది. 04 అంటే 20 మిల్లీమీటర్లు, 05 అంటే 25. ఇది 04 నుంచి పైకి వర్తిస్తుంది. 00, 01, 02, 03 మాత్రం వరుసగా 10, 12, 15, 17. వెనక రెండు జెడ్‌లుంటే ఇనుప మూత, ఆర్ఎస్ అని ఉంటే రబ్బరు మూత. పసుపు దుమ్ములో, పిండి దుమ్ములో తిరిగే వాటికి రబ్బరు మూతదే అడగండి. నకిలీలు చాలా ఉన్నాయి, డబ్బా మీద అచ్చు చూసి మోసపోవద్దు. తెలిసిన డీలరు దగ్గర బిల్లుతో కొనండి, ధర సగమే చెప్తే అనుమానించండి. కానీ బేరింగు మాటిమాటికి పోతుంటే, మళ్ళీ అదే మాట, షాఫ్టును కొలవండి. బేరింగు లోపలి రింగు షాఫ్టు మీద జారి తిరిగితే షాఫ్టు అరుగుతుంది. అప్పుడు చాలామంది పంచ్‌తో షాఫ్టు మీద చుక్కలు కొట్టి, ఉబ్బిన చోట బేరింగు బిగిస్తారు. వారం పది రోజులు ఆగుతుంది, చుక్కలు నలిగి మళ్ళీ వదులు. షాఫ్టు మీద వెల్డింగు పోసి తిప్పించడమో, బుష్ వేయించడమో చేస్తే ఏళ్ళు వస్తుంది.

గేరు మాత్రం అంత సులువు కాదు. దాని కథ నా సొంతది.

నా షెడ్డులో ఉన్నది బటాలాలో తయారైన పాత లేత్. దాని లీడ్ స్క్రూ, అంటే మర కోసేటప్పుడు పనిముట్టును నడిపే పొడుగు స్క్రూ, అంగుళాల కొలతది, అంగుళానికి 4 మరలు. ఇప్పుడు వచ్చే బోల్టులు, నట్లు ఎక్కువ మిల్లీమీటర్ల మరలవి. అంగుళాల లేత్ మీద మిల్లీమీటర్ల మర కోయాలంటే ఒక గేరు తప్పనిసరి, దానికి 127 పళ్ళు. ఎందుకు అంత వింత సంఖ్య అంటే, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దాన్ని 5తో గుణిస్తే 127. అది ఏ చిన్న సంఖ్యతోనూ భాగింపబడదు, కాబట్టి ఇంకో రెండు గేర్లు కలిపి దాని పని సరిగ్గా చేయించలేం. 63 పళ్ళ గేరుతో సర్దుకునేవాళ్ళున్నారు. నూటికి ఒక పాలు కంటే కొంచెం తక్కువ తేడా వస్తుంది. పొట్టి నట్టుకు ఫరవాలేదు. పొడుగు స్క్రూకు పనికిరాదు, ఆ చివరకు పోయేసరికి పట్టేస్తుంది.

ఒక సాయంత్రం తొందరలో, లేత్ పూర్తిగా ఆగకముందే గేరు కలిపాను. మూడు పళ్ళు రాలాయి. తొందర నాదే, ఎవరినీ అనను. తెల్లారి రైలెక్కి సికింద్రాబాద్ పోయాను. మన డిచ్‌పల్లి నుంచి చాలా దూరం. రాణీగంజ్ చూసినవాళ్ళకు తెలుసు, బెల్టులు, బేరింగులు, చైన్లు, మోటర్లు, వాల్వులు, వీధుల నిండా అవే. అక్కడ బి-68 అడిగితే మాట పూర్తికాకముందే చేతిలో పెడతారు. 127 పళ్ళ గేరు అడిగితే దుకాణం తర్వాత దుకాణం తల అడ్డంగా ఊపింది. చివరకు ఒక పెద్దాయన అడిగాడు. "సేట్, దీని జత గేరు తెచ్చినవా?" తేలేదు. విరిగినదాన్నే సంచిలో వేసుకొని పోయాను. పసుపు రైతుకు చెప్పిన మాట నేనే మరిచిపోయి అంత దూరం పోయాను. ఆ రోజు తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదు.

జత గేరు ఎందుకంటే, పన్ను సైజు ఒక్కటే చాలదు, పన్ను ఏటవాలు కూడా కలవాలి. పాత అంగుళాల మిషన్ల గేర్లు చాలావరకు పద్నాలుగున్నర డిగ్రీలవి, ఇప్పటి కట్టర్లు ఎక్కువ 20 డిగ్రీలవి. పళ్ళు లెక్కకు సరిపోయినా ఒకదాన్నొకటి నములుతాయి. పన్ను సైజు కనుక్కోవడం మాత్రం ఇంట్లోనే చేసుకోవచ్చు. మిల్లీమీటర్ల గేరయితే, బయటి వ్యాసాన్ని పళ్ళ సంఖ్యకు 2 కలిపి భాగించండి. 40 పళ్ళు, 84 మిల్లీమీటర్లు, 84ను 42తో భాగిస్తే 2. అది మాడ్యూల్ 2. అంగుళాల గేరయితే తిరగేయాలి, పళ్ళకు 2 కలిపి వ్యాసంతో భాగించాలి. నా గేరు వ్యాసం 8 అంగుళాల మీద పదహారో వంతు. 129ని దానితో భాగిస్తే సరిగ్గా 16.

రెండోసారి జత గేరు, ఈ లెక్కల కాగితం పట్టుకొని బాలానగర్ పోయాను. గేరు కోసేవాళ్ళ దగ్గర కూడా 127 అంటే ఆలోచిస్తారు. చుట్టును సమాన భాగాలు చేసే మామూలు డివైడింగ్ ప్లేటులో ఆ సంఖ్యకు రంధ్రాలు ఉండవు, డివైడింగ్ హెడ్డుకు విడిగా గేర్లు కలిపి, ప్లేటు కూడా మెల్లగా జరిగేట్టు చేసి కోయాలి. అది చేయగల చేతులు తక్కువ. ఒక చిన్న షెడ్డులో దొరికాయి. అక్కడి మిస్త్రీ నా కాగితం చూసి, జత గేరు కొలిచి, ఏమీ మాట్లాడకుండా పని మొదలుపెట్టాడు. మా ఉస్తాద్ గుర్తొచ్చాడు. మూడో రోజు తెచ్చి బిగిస్తే, ఆ గేరు చప్పుడు పాత గేరుకంటే మెత్తగా ఉంది.

ఇప్పుడు ఫోనులో వెతికి ఇంటికే తెప్పించుకోవచ్చని మా అబ్బాయి అంటాడు. నిజమే, నేనూ తెప్పించుకుంటున్నాను. కానీ ఫోను అడిగేది పుర్జా నంబరు ఒక్కటే. గాడి మెరుస్తోందా, షాఫ్టు అరిగిందా అని రాణీగంజ్ పెద్దాయన లెక్క ఒక్క మాటా అడగదు. ఆ మాటలన్నీ మనమే ముందు అడుక్కోవాలి. వరికోతల కాలంలో పంజాబ్ నుంచి వచ్చిన హార్వెస్టరు బెల్టు తెగి మడి నడుమ నిలబడటం మీరంతా చూసి ఉంటారు. ఆకాశంలో మబ్బు, పొలంలో వడ్లు, డ్రైవరు ఫోను పట్టుకొని నంబరు కోసం మిషను చుట్టూ తిరుగుతుంటాడు. ఆ నంబరు బెల్టు మంచిగా ఉన్నరోజే రాసిపెట్టుకుంటే ఐదు నిమిషాల పని.

అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి మిషను మీద, బెల్టు కప్పే రేకు లోపలి వైపు, తెల్ల పెయింటుతో రాసి పంపుతున్నాను. బెల్టు సైజు, ఎన్ని బెల్టులు, బేరింగు నంబర్లు, గేరు పళ్ళు, మార్చిన నెల. గిర్ని వాళ్ళు, కల్లం వాళ్ళు, వెల్డింగు షెడ్డుల వాళ్ళు మీరు కూడా రాయండి. మీ ఊళ్ళో పని ఆపేసి ఇంట్లో కూర్చున్న పాత మిస్త్రీ ఎవరైనా ఉంటే, ఒక పూట కూర్చోబెట్టుకొని ఆయనకు తెలిసిన మిషన్ల కొలతలు రాయించుకోండి. ఛాయ్ ఇప్పించండి, తొందరపెట్టకండి. మా ఉస్తాద్ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. అందులో ఉర్దూ రాతలు చదవడానికి నేను బోధన్‌లో ఒక రిటైరైన పంతులు దగ్గరికి పోయి వస్తున్నాను. సగం అయింది.

ఆ పసుపు రైతు ఈ ఏడాది మళ్ళీ ఫోను చేశాడు. బెల్టు కోసం కాదు. బి-68 రెండు, తానే నిజామాబాద్ పోయి గంటలో తెచ్చుకొని ఎక్కించుకున్నాడట. రేకు మీది తెల్ల రాత పసుపు దుమ్ము పట్టి కనబడటం లేదని చేశాడు.

"అన్నా, పెయింటు ఆగుతలేదు. అక్షరాలు కొట్టే పంచ్‌లు నీ దగ్గర ఉన్నయా? రేకు ఇప్పుకొని తెస్త, ఇనుములకే దిగేటట్టు కొట్టియ్యి."

తెమ్మన్నాను.